పాతపట్నం ఎంపీ పెట్టిన సంతకం: రాష్ట్రపతి పాలన, ఎమర్జెన్సీ, మన రెండు జిల్లాలు

1973 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టినప్పుడు ఆ ప్రకటన మీద సంతకం చేసిన రాష్ట్రపతి వి.వి.గిరి. 1952లో ఆయన మొదటి లోక్‌సభకు వెళ్లింది మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచే. అంతకు పదిహేనేళ్ల ముందు మద్రాసు శాసనసభకు ఇప్పటి మన విజయనగరం జిల్లా బొబ్బిలిలో నిలబడి, సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించారు. రాజావారు అప్పుడు మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు). 1957లో పార్వతీపురంలో మాత్రం ఓడిపోయారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లాభం లేకపోయింది.

ఈ పాత సంగతులు ఇప్పుడెందుకంటే, కేంద్రం రాష్ట్ర ప్రభుత్వాన్ని పక్కన పెట్టే అధికారాన్ని అన్ని వైపుల నుంచీ చూసిన మనిషి ఆయన. మంత్రిగా పదవి పోవడం చూశారు, గవర్నరుగా ఢిల్లీకి నివేదిక పంపారు, రాష్ట్రపతిగా సంతకం పెట్టారు. మన దగ్గర ఈ విషయం మొదలైతే పార్టీల తగువు దగ్గరే ఆగిపోతుంది. ఏ పార్టీ ఎవరిని దించింది, ఎవరు ఎవరికి అన్యాయం చేశారు అనే లెక్కలే తేలవు. అసలు చిక్కు వేరే ఉంది. ఒక రాష్ట్రంలో పాలన సాగడం లేదని తేల్చేదెవరు? ఎక్కడ కూర్చుని తేల్చాలి?

1939తో మొదలుపెడదాం. రెండో ప్రపంచ యుద్ధంలోకి భారతదేశాన్ని వైస్రాయ్ ఇక్కడివాళ్లను అడగకుండానే దించాడు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూస్తున్న గిరి కూడా దిగిపోయారు. అప్పుడు మద్రాసు గవర్నరు 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షన్ కింద పాలన మొత్తం తన చేతుల్లోకి తీసుకున్నాడు. 1946 ఏప్రిల్‌లో ప్రకాశం పంతులు మంత్రివర్గం వచ్చేదాకా అదే సాగింది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా ఊసే లేదు, అంతా విశాఖపట్నం జిల్లాయే. ఆరేళ్లకు పైగా మన ప్రాంతాన్ని ఎన్నికైన మంత్రి అంటూ లేకుండా గవర్నరు, ఆయన సలహాదారులే పాలించారు.

తెల్లవాళ్లు వెళ్లారు. సెక్షన్ మాత్రం కాస్త వేషం మార్చుకుని 356వ అధికరణగా మన రాజ్యాంగంలోకి వచ్చి కూర్చుంది. 'ఈ రాజ్యాంగ నిబంధనల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాన్ని నడపలేని పరిస్థితి' అనే ఆయువుపట్టు లాంటి వాక్యం కూడా దాదాపు పాతదే. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో దీని మీద గట్టి అభ్యంతరాలే వచ్చాయి. దీన్ని వాడాల్సిన అవసరమే రాకూడదని, కాగితం మీదే ఉండిపోవాలని ఆశిస్తున్నట్టు అంబేడ్కర్ చెప్పారు. రెండేళ్లు తిరక్కుండానే, 1951లో పంజాబ్‌లో వాడారు. ఇప్పటికి వందసార్లు దాటిపోయింది.

ఇది నడిచే పద్ధతి ఇదీ. రాష్ట్రంలో పరిస్థితి చెడిందని గవర్నరు నివేదిక పంపుతారు. నివేదిక లేకపోయినా, ఇంకో దారిన తెలిసినా సరిపోతుందని రాజ్యాంగమే వెసులుబాటు ఇచ్చింది. కేంద్ర మంత్రివర్గం సిఫార్సు చేస్తుంది, రాష్ట్రపతి సంతకం పెడతారు. రెండు నెలల్లో లోక్‌సభ, రాజ్యసభ రెండూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆరు నెలలు నడుస్తుంది, మళ్లీ అడిగి పొడిగించుకోవచ్చు. ఏడాది దాటి పొడిగించాలంటే దేశంలో అత్యవసర పరిస్థితి అమల్లో ఉండాలి, ఎన్నికలు పెట్టడం కష్టమని ఎన్నికల సంఘం రాసివ్వాలి. మూడేళ్లు మించి మాత్రం కుదరదు. రాష్ట్ర బడ్జెట్‌ను పార్లమెంటే పాస్ చేస్తుంది. హైకోర్టు అధికారాలు మాత్రం ముట్టుకోకూడదు.

కింది స్థాయిలో చూస్తే, నిజం చెప్పాలంటే, పెద్దగా ఏమీ కనిపించదు. కలెక్టరు ఆయనే, తహసీల్దారు ఆయనే, రేషన్ డిపో అదే. ఏ జీవో అయినా తీసి చివర చూడండి, అది ఆంధ్రప్రదేశ్ గవర్నరు పేరున, ఆయన ఉత్తర్వు మేరకు ఇచ్చినట్టే ఉంటుంది. ముఖ్యమంత్రి ఉన్నా లేకపోయినా కింద సంతకం సెక్రటరీదే. 2014లో మార్చి 1 నుంచి జూన్ దాకా మనం రాష్ట్రపతి పాలనలో ఉన్నాం. ఆ మూడు నెలల్లోనే మున్సిపల్ ఎన్నికలు, ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు, అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు అన్నీ జరిగాయి. వేలి మీద సిరా ఆరకుండా వరసపెట్టి ఓట్లేశాం. రాష్ట్రపతి పాలన అంటే ఊళ్లోకి మిలిటరీ దిగుతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లకు ఆ వేసవి గుర్తుచేస్తే చాలు.

మిలిటరీ భయం 356 నుంచి వచ్చింది కాదు, 352 నుంచి వచ్చింది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. యుద్ధం, బయటి దాడి, సాయుధ తిరుగుబాటు, ఈ మూడింటికే 352 కింద అత్యవసర పరిస్థితి పెట్టాలి. ఇప్పటికి మూడుసార్లు పెట్టారు: 1962లో చైనా యుద్ధానికి, 1971లో పాకిస్తాన్ యుద్ధానికి, 1975లో 'ఆంతరంగిక కల్లోలం' పేరుతో. 1971 డిసెంబరు ప్రకటన మీద సంతకం కూడా గిరిదే. 352 పెట్టినంత మాత్రాన రాష్ట్ర ప్రభుత్వం కూలదు. ముఖ్యమంత్రి ఉంటారు, అసెంబ్లీ ఉంటుంది, కానీ పెత్తనమంతా పెద్దింటిది, పొయ్యి మాత్రం చిన్నింట్లో వెలుగుతున్నట్టుగా ఉంటుంది. రాష్ట్రాల జాబితాలోని అంశాల మీద పార్లమెంటు చట్టాలు చేయొచ్చు, దేని మీదైనా కేంద్రం ఆదేశాలివ్వొచ్చు, పన్నుల వాటాలు మార్చొచ్చు, పౌరుల హక్కులకు కళ్లెం వేయొచ్చు.

1975లో మన దగ్గర జరిగిందదే. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగానే ఉన్నారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న లాంటి ప్రతిపక్ష నాయకులు మాత్రం జైలుకెళ్లారు. ముఖ్యమంత్రి ఢిల్లీ మాట వింటున్నంతకాలం 356తో పనేముంది? తమిళనాడులో కరుణానిధి వినలేదు, 1976 జనవరి 31న ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. జనతా ప్రభుత్వం వచ్చాక 1978లో 44వ సవరణతో ఈ కోరలు కొన్ని పీకారు. 'ఆంతరంగిక కల్లోలం' తీసేసి 'సాయుధ తిరుగుబాటు' పెట్టారు. కేంద్ర మంత్రివర్గం రాతపూర్వకంగా సిఫార్సు చేయాలన్నారు. ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ హక్కును ఏ ఎమర్జెన్సీలోనూ పక్కన పెట్టకూడదన్నారు.

352, 356 రెండూ కలిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో కేరళలో తేలింది, అదీ గిరి గవర్నరుగా ఉన్నప్పుడే. 1964 సెప్టెంబరులో ముఖ్యమంత్రి శంకర్ ప్రభుత్వం అవిశ్వాసంలో పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. 1965 మార్చిలో ఎన్నికలు పెట్టారు. ఎవరికీ మెజారిటీ రాలేదు. అందరికంటే ఎక్కువ సీట్లు మార్క్సిస్టు పార్టీకొచ్చాయి, కానీ గెలిచినవాళ్లలో చాలామంది అప్పటికే జైల్లో ఉన్నారు. 1962 నాటి ఎమర్జెన్సీ అప్పటికింకా ఎత్తలేదు మరి! ఎవరూ ప్రభుత్వం ఏర్పాటు చేసే స్థితిలో లేరని తేల్చి, కొత్త అసెంబ్లీ ఒక్కరోజు కూడా కూర్చోకుండానే రద్దు చేశారు. ఓటేసినవాడికి తన ఎమ్మెల్యే ప్రమాణం చేయడం చూసే భాగ్యం కూడా దక్కలేదు. 1939లో అధికారం గవర్నరు చేతుల్లోకి పోవడం మంత్రిగా చూసిన గిరి, 1965లో ఆ గవర్నరు కుర్చీలోనే కూర్చున్నారు. మనిషి చెడ్డవాడని నేననను. రాజ్‌భవన్ గదిలో కూర్చుని బలం లెక్కపెట్టే అధికారం ఇస్తే ఎవరైనా లెక్కపెడతారు, అంతే.

మన రాష్ట్రం సంగతి ఇందులో కాస్త తమాషాగా ఉంటుంది. ఇక్కడ రాష్ట్రపతి పాలన మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కేంద్రం బలవంతంగా ముఖ్యమంత్రిని దించింది లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, పద్నాలుగో నెలలోనే ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధంతో గీత కార్మికుల పొట్ట కొడుతున్నారని పోరాడిన మన లచ్చన్నది ఆ వ్యవహారంలో ముఖ్యపాత్ర. 1973లో జై ఆంధ్ర ఉద్యమం ముదిరి పి.వి.నరసింహారావు తప్పుకున్నారు. ఆ ఉద్యమంలోనూ లచ్చన్న ముందువరసలోనే ఉన్నారు. 2014లో విభజనను కాదంటూ కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు.

1973 నాటిది మన జిల్లాల మీద వేసిన ముద్ర ఇప్పటికీ పోలేదు. అప్పుడు అసెంబ్లీని రద్దు చేయలేదు, సుప్తచేతనావస్థలో ఉంచారు, అంటే ఎమ్మెల్యేలు ఉంటారు, సభ మాత్రం కూర్చోదు. ఆ పదకొండు నెలల విరామంలో, సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. డిసెంబరులో వెంగళరావు ప్రమాణం చేశారు. ఆ పథకం నుంచే చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే 371-డి అధికరణ, దాన్నుంచి 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటి నుంచి ఒకటో జోన్ వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కుర్రాళ్లు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని పాత బడుల చుట్టూ తిరిగేది అందుకే. ఆరో తరగతి ఒడిశా వైపు పర్లాకిమిడిలోనో, హైదరాబాద్‌లో మేనమామ ఇంట్లోనో చదివి ఉంటే ఆ టెన్షన్ ఏమిటో వాళ్లనే అడగాలి. ముఖ్యమంత్రి లేని కాలంలో ఢిల్లీలో కుదిరిన ఒప్పందం మన ఇంట్లో ఏ అల్మారాలో ఉందో చూపించమంటే, ఆ సర్టిఫికెట్ల ఫైలు చూపిస్తాను.

మరి ఎన్టీఆర్‌ను దించలేదా అంటారు. దించారు. కానీ 1984 ఆగస్టు 16న జరిగింది రాష్ట్రపతి పాలన కాదు, 356తో దానికి సంబంధమే లేదు. గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం మంత్రులు పదవిలో ఉంటారనే 164వ అధికరణను అప్పటి గవర్నరు రాంలాల్ వాడారు. మెజారిటీ పోయిందని తనంతట తానే తేల్చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించి, బలం నిరూపించుకోవడానికి నెల రోజుల గడువిచ్చారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. గవర్నరు మారారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మన రాష్ట్రంలో జరిగిన అసలైన బర్తరఫ్ రాష్ట్రపతి పాలన కాదు, రాష్ట్రపతి పాలనలేవీ బర్తరఫ్‌లు కావు. ఈ ముక్క ఒక్కటి గుర్తుంటే టీవీ చర్చల్లో సగం అరుపులు పక్కన పెట్టేయొచ్చు.

రాంలాల్ చేసిందీ, కేరళలో జరిగిందీ రూపంలో వేరైనా జబ్బు ఒక్కటే. సభలో లెక్కపెట్టాల్సిన తలలను రాజ్‌భవన్‌లో లెక్కపెట్టడం. మందు 1994లో దొరికింది. కర్ణాటకలో 1989లో పంతొమ్మిది మంది ఎమ్మెల్యేలు మద్దతు ఉపసంహరించుకుంటున్నట్టు గవర్నరుకు ఉత్తరాలు అందాయి. ఆ వెంటనే వాళ్లలో ఏడుగురు, మాచేత మాయమాటలు చెప్పి సంతకాలు పెట్టించారన్నారు. సభలో బలం చూపిస్తాను, అవకాశమివ్వండి అని ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మై అడిగారు. గవర్నరు ఒప్పుకోలేదు, ప్రభుత్వం పోయింది. ఆ గవర్నరు మన తెలుగాయనే, పెండేకంటి వెంకటసుబ్బయ్య. ఐదేళ్ల తర్వాత తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అది తప్పని చెప్పింది. అందులో ముఖ్యమైన తీర్పు రాసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా తెలుగువారే.

బొమ్మై తీర్పు చెప్పిన వాటిలో మూడు మన చర్చకు పనికొస్తాయి. బలం తేలాల్సింది సభలోనే. పార్లమెంటు ఒప్పుకునేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు, ఆపి మాత్రమే ఉంచాలి. ప్రకటన చెల్లదని తేలితే పోయిన ప్రభుత్వాన్ని కోర్టు తిరిగి కూర్చోబెట్టగలదు. ఈ మూడోది ఉత్తి మాట కాదు, 2016లో అరుణాచల్, ఉత్తరాఖండ్ రెండుచోట్లా దిగిపోయిన ముఖ్యమంత్రులు కోర్టు వల్లే తిరిగొచ్చారు. 1977లో జనతా, 1980లో ఇందిర తొమ్మిదేసి రాష్ట్రాల్లో ప్రభుత్వాలను ఒక్క ఊపున ఊడ్చేసినట్టు ఇప్పుడు కుదరదు. (1977 జాబితాలో మనం లేం. లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడిన రాష్ట్రాలనే ఎంచుకున్నారు, మనమేమో 42కి 41 సీట్లు కాంగ్రెస్‌కే ఇచ్చాం.)

అందుకే నా మటుకు నాకు, 356 గురించి ఇంత గొంతు చించుకోనక్కర్లేదనిపిస్తుంది. కేంద్రం బలం మన రెండు జిల్లాలకు నిజంగా తగిలింది వేరే దారుల్లో.

1969నే తీసుకోండి. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన రైతాంగ పోరాటం తుపాకీల దాకా వచ్చింది. సాయుధ తిరుగుబాటు అనదగ్గది అప్పట్లో ఇక్కడా ఉంది. అయినా 352 పెట్టలేదు, 356 పెట్టలేదు. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వమే, మద్రాసు రాష్ట్ర కాలం నాటి చట్టం తీసి, కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. కేంద్రం సీఆర్పీఎఫ్‌ను పంపింది. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల జాబితాలోవి. ఆంతరంగిక కల్లోలం నుంచి రాష్ట్రాన్ని కాపాడటం కేంద్రం బాధ్యత అని 355వ అధికరణ చెబుతుంది. ముఖ్యమంత్రి, ప్రధాని ఒకే పార్టీ అయితే ఈ రెండింటికీ గొడవ రాదు. పేలిన తుపాకీ ఎవరిదైనా కొండ మీద గిరిజనుడికి తేడా తెలియదు, తెలిసినా ఒరిగేదేమీ లేదు. ఆ మరుసటి ఏడే 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదన్న ఈ నిబంధన అసెంబ్లీ చేసిన చట్టం కాదు. ఐదో షెడ్యూలు కింద గవర్నరు తెచ్చిన రెగ్యులేషన్, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. షెడ్యూలు ప్రాంతాల పాలన మీద కేంద్రం రాష్ట్రానికి ఆదేశాలు కూడా ఇవ్వొచ్చు. ఏ ఎమర్జెన్సీ అక్కర్లేకుండానే!

తర్వాత కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన పూంచీ కమిషన్, రాష్ట్రమంతా ఎందుకు, కల్లోలం ఉన్న ఒకటి రెండు జిల్లాలకే మూడు నెలలు మించకుండా అత్యవసర పాలన పెట్టే వీలుంటే మంచిదని సూచించింది. మన జిల్లా చరిత్ర తెలిసినవాడికి ఆ సూచన వింటే కాస్త భయమేస్తుంది. ఇప్పటిదాకా అమలు కాలేదు.

2013 అక్టోబరులో విజయనగరంలో కర్ఫ్యూ పెట్టినప్పుడు ఎమర్జెన్సీ వచ్చిందన్నవాళ్లున్నారు. అది జిల్లా స్థాయిలో, అప్పటి మామూలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద పెట్టింది. పాలకూ కూరలకూ గంట సడలించే పని కూడా జిల్లా అధికారులదే. కానీ ఆ కర్ఫ్యూకి కారణమైన విభజన మాత్రం రాజ్యాంగంలో కేంద్రానికున్న అన్నిటికంటే పెద్ద అధికారం, మూడో అధికరణ. రాష్ట్రాన్ని చీల్చాలంటే అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయం ప్రకారమే చేయాలని లేదు. 2014 జనవరి 30న అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 20కల్లా రెండు సభలూ పాస్ చేశాయి. ప్రభుత్వాన్ని మూడేళ్లు మించి పక్కన పెట్టడానికి వీల్లేదన్న రాజ్యాంగమే, రాష్ట్రాన్ని శాశ్వతంగా రెండు చేయడానికి మామూలు మెజారిటీ చాలంది.

2020 లాక్‌డౌన్ ఇంకో దారి. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోది. అయినా కేంద్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఆదేశాలిచ్చి దేశమంతా మూసేసింది. రాజ్యాంగంలోని అత్యవసర అధికరణలు ఒక్కటీ ముట్టుకోలేదు. గుజరాత్‌లో వేరావల్ రేవులో చేపల వేటకు వెళ్లిన మన తీరం మత్స్యకారులు వేలమంది పడవల్లోనే చిక్కుకున్నారు. గుజరాత్ ఒప్పుకోవాలి, ఆంధ్ర ఒప్పుకోవాలి, దారిలో రాష్ట్రాలు వదలాలి, వీటన్నిటికీ పైన కేంద్రం సరేననాలి. ఏప్రిల్ చివర్లో గానీ బస్సులు బయల్దేరలేదు.

ఆర్థిక అత్యవసర పరిస్థితి, అంటే 360వ అధికరణ, ఇప్పటిదాకా ఎక్కడా పెట్టలేదు. జీతాలు ఒకటో తారీఖు దాటినప్పుడల్లా ఉద్యోగుల మధ్య ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. పెడితే ఉద్యోగుల జీతాలు తగ్గించమని కేంద్రం చెప్పొచ్చు కాబట్టి, కోరుకునేముందు ఒకసారి ఆలోచించుకోవడం మేలు. రాష్ట్రంలో రాజ్యాంగ యంత్రాంగం కుప్పకూలిందో లేదో చూస్తానని 2020లో మన హైకోర్టు ధర్మాసనం ఒకటి సిద్ధమైతే, సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో స్టే ఇచ్చింది. 356 ప్రకటించాల్సింది రాష్ట్రపతి, దాని మంచిచెడ్డలు తర్వాత చూడాల్సింది కోర్టు.

ఇప్పుడు గొడవ బిల్లుల దగ్గరికి మారింది. ప్రభుత్వాన్ని దించడం కష్టమయ్యాక, అసెంబ్లీ పాస్ చేసిన బిల్లును గవర్నరు దగ్గరే ఉంచుకోవడం తేలికైంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకు, రాష్ట్రపతికి గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఐదుగురి ధర్మాసనం, అలా గడువులు పెట్టడం కోర్టు పని కాదని, అయితే కారణం చెప్పకుండా అంతూపొంతూ లేకుండా బిల్లును తొక్కిపెడితే మాత్రం జోక్యం చేసుకోవచ్చని రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చింది. ఎన్ని నెలలైతే అంతూపొంతూ లేనట్టో ఇంకా తేలలేదు.